మైక్ బోర్డు చూపే అంకె డెసిబెల్ కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో ఇటీవల 'తరగతి గదిలో గోలను కొలిచే యంత్రం' తయారీ గురించి వచ్చిన వ్యాసం చదివాను. ప్రోగ్రాం రాసి నడిపించే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డును, చవకగా దొరికే ఒక మైక్ బోర్డును మూడు తీగలతో కలిపి ఇలాంటి పరికరం చేసుకోవచ్చని తెలుగులో చెప్పే వ్యాసాలు అరుదు కాబట్టి ముందుగా అభినందనలు. అయితే 'సౌండ్ సెన్సర్ కొని, దాని అవుట్‌పుట్‌ను ఏ0 పిన్నుకు (వోల్టేజీని అంకెగా చదివే అనలాగ్ పిన్ను) కలిపి, వచ్చిన అంకెను డెసిబెల్‌లుగా తెరపై చూపించండి' అన్న ఒక్క వాక్యంతో అసలు విషయమంతా దాటవేయడం వల్ల పిల్లలు ఎంత తికమక పడుతున్నారో ఈ ఏడాది కళ్లారా చూశాను. అందుకే ఈ ఉత్తరం కాస్త పెద్దదైనా రాయక తప్పడం లేదు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేశాను. పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలకు న్యాయనిర్ణేతగా పిలిస్తే వెళ్తుంటాను. మొన్నటి ప్రదర్శనలో జిల్లా పరిషత్ పాఠశాలకు చెందిన ఇద్దరు తొమ్మిదో తరగతి అమ్మాయిలు అట్టపెట్టెలో చక్కగా అమర్చిన ఒక పరికరం తెచ్చారు. గోల 55 డెసిబెల్‌లు దాటితే ఎర్ర ఎల్ఈడీ వెలగాలి. ఇద్దరు పిల్లలు దాని దగ్గర నిలబడి మాట్లాడినప్పుడు ఎంత అంకె వచ్చిందో, గదిలోని వారందరూ ఒక్కసారిగా కేకలు వేసినప్పుడు కూడా ఇంచుమించు అంతే వచ్చింది. కేకలు ఆగగానే అంకె దిగిపోయింది. ఆ తరువాత ఎవరూ పెదవి కదపకపోయినా కొన్ని సెకన్లలో అదే మెల్లగా పైకి ఎక్కసాగింది. గదిలో పైన తిరుగుతున్న ఫ్యాన్ తప్ప మరే చప్పుడూ లేదు. 'ప్రోగ్రాం తప్పా సార్?' అని ఆ పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశారు. ప్రోగ్రాంలోనూ ఒక లోపం ఉంది గానీ, అసలు చిక్కు బోర్డులోనే ఉంది. కొట్లో 'మైక్ బోర్డు ఇవ్వండి' అని అడిగితే చేతికి అందినది ఇచ్చారు. వీళ్లు తెచ్చి బిగించారు.

ఆ బోర్డు మీద ఉన్నది మాక్స్9814 అనే ఐసీ, అంటే చిప్. మాట రికార్డు చేయడానికి అంతకంటే మంచి చిన్న బోర్డు ఆ ధరలో దొరకదు. ఎందుకంటే దూరంగా మాట్లాడినా, మైక్ దగ్గర నోరు పెట్టి అరిచినా వినబడే స్థాయి ఒకేలా ఉండేటట్టు అది తన గెయిన్‌ను, అంటే సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలన్నదాన్ని, తానే సర్దుకుంటుంది. గెయిన్ పిన్నును ఎక్కడా కలపకుండా వదిలేస్తే గరిష్ఠంగా 60 డెసిబెల్‌లు, అంటే వెయ్యి రెట్లు పెంచుతుంది. శబ్దం హెచ్చగానే అందులోంచి 20 డెసిబెల్‌ల మేరకు తగ్గించుకుంటుంది, నిశ్శబ్దం కాగానే మళ్లీ నిదానంగా పెంచుకుంటుంది. ఫ్యాన్ చప్పుడు పైకి ఎక్కినట్టు కనిపించింది అందుకే. సరుకు బరువును బట్టి ముల్లును తానే సర్దేసే తక్కెడతో తూకం వేసినట్టు, హెచ్చుతగ్గులను చెరిపేయడానికే పుట్టిన బోర్డుతో హెచ్చుతగ్గులను కొలవబోయారు.

ఇక కొట్లలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయేది, కేవై-038 పేరుతో వచ్చే చిన్న ఎర్ర బోర్డు. మీ వ్యాసంతో వేసిన బొమ్మలో ఉన్నదీ అదే. దాని మీద కనిపించే ఎల్ఎం393 ఐసీని చాలామంది యాంప్లిఫయర్ అనుకుంటారు. నిజానికి అది కంపారేటర్, అంటే రెండు వోల్టేజీలలో ఏది ఎక్కువో చెప్పే ఐసీ. నీలం ప్రీసెట్‌ను (స్క్రూలా తిప్పి సర్దే బుల్లి రెసిస్టర్) తిప్పి ఒక హద్దు పెడితే, శబ్దం ఆ హద్దు దాటిందా లేదా అన్నది మాత్రమే డిజిటల్ పిన్ను చెబుతుంది. చప్పట్లు కొడితే దీపం వెలిగే స్విచ్చుకు అది చాలు, అంతకు మించి అవసరం లేదు. దాని అనలాగ్ పిన్ను మీద వచ్చేది మాత్రం మైక్ నుంచి వచ్చిన సంకేతమే, ఏమాత్రం పెంచనిది.

పెంచకపోతే ఏమవుతుందో ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. పిల్లలకు ఈ లెక్క ఒక్కసారి చెబితే జీవితంలో మరిచిపోరు. మన కొట్లలో కండెన్సర్ మైక్ అని పిలిచే ఎలక్ట్రెట్ మైక్‌ను అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో 1962లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ రూపొందించారు. ఈ హాబీ బోర్డుల మీద తరచుగా కనిపించే ఒక రకం మైక్, 94 డెసిబెల్‌ల ధ్వనికి, అంటే ఒక పాస్కల్ ఒత్తిడికి, సుమారు 6.3 మిల్లీవోల్టులు ఇస్తుంది. మీటరు దూరంలో మామూలుగా మాట్లాడే మాట 60 డెసిబెల్‌లు అనుకుంటే, మైక్ నుంచి వచ్చేది, ఆర్ఎంఎస్ అనే ఒక రకం సగటు లెక్కలో, 0.13 మిల్లీవోల్టు మాత్రమే. ఆర్డుయినోలలో ఊనో అనే రకం తన 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొట్టి చదువుతుంది కాబట్టి ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు. అంటే మనిషి మాట ఒక మెట్టులో పదో వంతును కూడా కదిలించలేదు. అయినా తెరమీద ఏదో ఒక అంకె ఆడుతూనే ఉంటుంది. అది మాట కాదు, విద్యుత్ సరఫరాలోని అలజడి.

కొలత కావాలంటే గెయిన్ స్థిరంగా ఉండే బోర్డు తీసుకోవాలి. మాక్స్4466 ఐసీ ఉన్న బోర్డు అలాంటిది. వెనుకవైపు ఉన్న బుల్లి ప్రీసెట్‌తో 25 రెట్ల నుంచి 125 రెట్ల దాకా పెట్టుకోవచ్చు, పెట్టిన తరువాత అది మారదు. (నా చదువు రోజుల్లో ఈ పనికి ఒక బీసీ548 ట్రాన్సిస్టర్, నాలుగైదు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు కలిపి టంకం వేసుకునేవాళ్లం. మైక్‌కు ఉన్న రెండు కాళ్లలో లోహపు డబ్బాకు అంటుకొని ఉన్నదే గ్రౌండ్ అని తెలియక తిరగేసి కలిపి, పాడైపోయిందనుకుని కొత్తది కొన్న ఘనత నాకూ ఉంది.) 125 రెట్ల దగ్గర పెడితే, పైన చెప్పిన 60 డెసిబెల్‌ల మాట, సగటు కాకుండా అల కింది అంచు నుంచి పై అంచు దాకా లెక్కిస్తే, 45 మిల్లీవోల్టులు, అంటే 9 మెట్లు కదిలిస్తుంది. 25 రెట్ల దగ్గరైతే రెండు మెట్లు కూడా సరిగ్గా రావు. 125 రెట్ల దగ్గరే 80 డెసిబెల్‌ల గోలకు 90 మెట్లు వస్తాయి. 100 డెసిబెల్‌లు దాటాక అలల తలలు తెగిపోయి, ఎంత అరిచినా అంకె ఇక పెరగదు. ప్రీసెట్‌ను మొదట్లోనే ఒకచోట పెట్టి, చిన్న మైనపు బొట్టు వేసి కదలకుండా చేయడం మంచిది. ప్రదర్శనకు వచ్చిన ప్రతి ఒక్కరూ దాన్ని తిప్పి చూడకుండా ఉండరు.

ఆ అమ్మాయిల ప్రోగ్రాంలో ఉన్న లోపం మీ వ్యాసంలోని ప్రోగ్రాంలోనూ ఉంది. అది అర సెకనుకు ఒకసారి పిన్నును చదివి, ఆ ఒక్క అంకెనే శబ్దంగా లెక్కవేస్తుంది. మాక్స్4466 బోర్డు అవుట్‌పుట్ సున్నా దగ్గర మొదలు కాదు. సరఫరా వోల్టేజీలో సగం దగ్గర, అంటే 512 చుట్టూ, పైకీ కిందికీ ఊగుతుంది. అట్లతద్దినాడు జోరుగా ఊగుతున్న ఊయలను సరిగ్గా మధ్యకు వచ్చిన క్షణంలో ఫొటో తీస్తే అది కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది. ఒక్క రీడింగు సంగతీ అంతే. ఒక 50 మిల్లీసెకన్ల పాటు ఆపకుండా చదువుతూ, అందులో అన్నిటికన్నా పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసేస్తే ఊగు ఎంతో తెలుస్తుంది. మన చెవికి వినిపించే అతి తక్కువ పౌనఃపున్యమైన 20 హెర్ట్జ్‌కు కూడా అంతసేపట్లో ఒక పూర్తి ఆవర్తనం పడుతుంది కాబట్టి 50 అన్న అంకె ఊరికే ఎంచుకున్నది కాదు. ఊనో ఒక్కో రీడింగుకు దాదాపు 104 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. ఆ 50 మిల్లీసెకన్లలో నాలుగు వందలకు పైగా రీడింగులు సులువుగా దొరుకుతాయి.

ఆ తరువాత వచ్చే తప్పు ఇంకా పెద్దది. 0 నుంచి 1023 దాకా ఉన్న అంకెలను 'మ్యాప్' అనే ఒక్క ఆజ్ఞతో 0 నుంచి 120 డెసిబెల్‌లుగా మార్చేయడం చాలాచోట్ల కనిపిస్తోంది, మీ వ్యాసంలోనూ కనిపించింది. డెసిబెల్ లాగరిథం కొలత. సంకేతం రెట్టింపైతే పెరిగేది 6 డెసిబెల్‌లు, పది రెట్లైతే 20 డెసిబెల్‌లు. దాన్ని గజం బద్ద మీది అంగుళాల్లా సమాన భాగాలుగా పంచితే వచ్చే అంకెకు, గదిలోని గోలకు సంబంధం ఉండదు.

విద్యుత్ సరఫరా విషయం కూడా చెప్పాలి. నాసిరకం ఫోన్ ఛార్జర్‌తో ఆర్డుయినోను నడిపితే మైక్ బోర్డు ఆ ఛార్జర్ గుంయ్‌మనే రొదను కూడా పెంచి చూపుతుంది. బోర్డును 5 వోల్టులకు బదులు ఆర్డుయినోలోని 3.3 వోల్టుల పిన్నుకు కలిపి, అదే 3.3 వోల్టులను ఏరెఫ్ పిన్నుకు (కొలతకు ప్రమాణంగా, అంటే రిఫరెన్సుగా, తీసుకునే వోల్టేజీ ఇచ్చే చోటు) కూడా ఇస్తే రొద తగ్గుతుంది, ఒక్కో మెట్టు 3.2 మిల్లీవోల్టులకు దిగి 9 మెట్లు వచ్చే చోట 14 వస్తాయి. అయితే ప్రోగ్రాం మొదట్లోనే బయటి రిఫరెన్సు వాడుతున్నామని చెప్పకుండా ముందే అనలాగ్ పిన్నును చదివితే, లోపలి రిఫరెన్సూ బయటి వోల్టేజీ ఒకదానికొకటి తగిలి చిప్ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఈ హెచ్చరిక లేకుండా ఆ చిట్కా మాత్రం ముద్రించవద్దని మనవి.

ఇదంతా పిల్లల ఆటకు సంబంధించిన చాదస్తమని కొందరికి అనిపించవచ్చు. కానీ ఆ పిల్లలు 55 అన్న అంకెను ఎక్కడి నుంచి తెచ్చారో చూడండి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటిపూట హద్దు 55, రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 దాకా 45. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర ప్రకటించే నిశ్శబ్ద మండలాల్లో పగలు 50, రాత్రి 40. ఇవి ఆరుబయటి శబ్దానికి పెట్టిన హద్దులు, తరగతి గది లోపలికి కావు. పైగా అవి కొంత సేపటి సగటు మీద, చెవికి వినబడే తీరును బట్టి సవరించిన 'ఏ' తూకంతో కొలిచే డెసిబెల్‌లు. ఆ తూకంలో 100 హెర్ట్జ్ రొద విలువ 19 డెసిబెల్‌లు తగ్గిపోతుంది, వెయ్యి హెర్ట్జ్ ఈలకు ఏమీ తగ్గదు. మన చిన్న బోర్డుకు ఆ తేడా తెలియదు. ఇలాంటి బోర్డు చూపిన అంకెను పట్టుకుని వీధి చివర మైక్‌సెట్టు వాళ్ల మీద ఫిర్యాదుకు వెళ్తే, ఫిర్యాదు న్యాయమైనదే అయినా, ఆ అంకె దగ్గరే నవ్వులపాలు కావాల్సి వస్తుంది.

అలాగని ప్రయత్నం మానుకోమనను. దగ్గరలోని ఇంజనీరింగ్ కళాశాల నుంచి ఒక పూట అసలైన ధ్వని మీటరు అరువు తెచ్చుకుని, రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే రకం ధ్వనిని వేర్వేరు స్థాయిల్లో వినిపిస్తూ రెండు అంకెలనూ గ్రాఫు కాగితం మీద గుర్తిస్తే, తమ బోర్డుకు ఎంత కలపాలో పిల్లలే తేల్చుకోగలరు. ఫోన్‌లోని యాప్‌తో సరిచూడటం అంత నమ్మదగింది కాదు, ఒక్కో ఫోన్ ఒక్కో మాట చెబుతుంది. కాస్త ఖర్చు పెట్టగలిగిన వారు ఆర్డుయినో లాంటిదే అయిన ఈఎస్‌పీ32 బోర్డుతో ఐఎన్ఎంపీ441 లాంటి డిజిటల్ మైక్ వాడవచ్చు. 94 డెసిబెల్‌ల ధ్వనికి అది ఎంత ఇస్తుందో తయారీ పత్రంలోనే ఉంటుంది, మధ్యలో తిప్పడానికి ప్రీసెట్టూ ఉండదు. మీటరు దొరకనప్పుడు తెరమీద డెసిబెల్ అని రాయకపోతే సరిపోతుంది. ఆ అమ్మాయిలతో నేను ఆ మాటే అన్నాను. వాళ్లు అక్కడికక్కడే ఆలోచించి నిశ్శబ్దం, గుసగుస, మాటలు, గోల అని నాలుగు గీతలు పెడతామన్నారు. ఏ న్యాయనిర్ణేతా ఆక్షేపించలేని కొలమానం అది!

మీకు నా విన్నపం ఇది. ఇకపై ఇలాంటి ప్రాజెక్టులు ప్రచురించేటప్పుడు 'సౌండ్ సెన్సర్' అని ఊరుకోకుండా బోర్డు మీది ఐసీ పేరు, దానికివ్వాల్సిన వోల్టేజీ, గెయిన్ స్థిరమైనదా తానే మారేదా అన్న మూడు సంగతులు తప్పక ముద్రించండి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి ఏరుకోగలిగిన వారికి కొట్టువాడే చెబుతాడేమో గానీ, మండల కేంద్రంలో ఉండి ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి తెప్పించుకునే పిల్లలకు మీ పేజీయే ఆధారం. గత వ్యాసానికి సవరణగా ఎర్ర బోర్డు స్థానంలో మాక్స్4466 బోర్డును, 50 మిల్లీసెకన్ల రీడింగు పద్ధతిని సూచిస్తూ నాలుగు వాక్యాలు వేసినా చాలు. ప్రోగ్రాంను తెలుగు వ్యాఖ్యలతో రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
పదవీ విరమణ చేసిన పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
గుంటూరు జిల్లా