యాంటీబాడీల అంకెకు వైద్యం చేయాలా?

సంపాదకులకు నమస్కారం.

నేను తెనాలిలోని ఒక జూనియర్ కళాశాలలో గణితం బోధిస్తున్నాను. మూడేళ్ల కిందట వారం రోజులు పీడించి తగ్గిన జ్వరం తాలూకు నీరసం నన్ను ఇప్పటికీ పూర్తిగా వదలలేదు. ఒకరోజు రెండో అంతస్తులో వరుసగా మూడు తరగతులు చెబితే మర్నాడు మంచం దిగడం కష్టమవుతుంది. కారణం వెతికే క్రమంలో చేయించిన రక్తపరీక్షల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కు సంబంధించిన వీసీఏ ఐజీజీ అనే యాంటీబాడీ 20 దాటకూడని చోట 750కి పైగా ఉందని ముదురు అక్షరాలతో వచ్చింది. రెండేళ్లలో మూడుసార్లు పరీక్ష చేయించినా అదే ఫలితం. నగరంలో నేను సంప్రదించిన ఒక స్పెషలిస్టు ఆ కాగితం చూసి ఆరు నెలలపాటు వాలసైక్లోవిర్ అనే వైరస్ మందు వాడమన్నారు. ఆ బిళ్లలు కొనే ముందు నేను తెలుసుకున్న విషయాలు నాలాంటి మరికొందరికి పనికివస్తాయని ఈ లేఖ రాస్తున్నాను.

1964లో ఆంథొనీ ఎప్‌స్టీన్, ఇవాన్ బార్, బర్ట్ అచాంగ్ కలిసి, ఆఫ్రికా పిల్లల్లో వచ్చే ఒక కణితి కణాలలో ఈ వైరస్‌ను గుర్తించారు. ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఇది ఒంట్లో ఉన్నవారే. ఇది ఎంగిలి ద్వారా సోకుతుంది. చిన్నప్పుడు చొక్కా అంచు కప్పి కాకెంగిలి చేసుకుని జామకాయ పంచుకున్న మనలో దీన్ని తప్పించుకున్నవారు అరుదే అనుకుంటాను. పసితనంలో సోకితే చాలామందికి తెలియకుండానే పోతుంది. యౌవనంలో సోకితే గొంతు నొప్పి, మెడ గ్రంథుల వాపు, వారాల తరబడి జ్వరం రావచ్చు. జ్వరం తగ్గినా వైరస్ పోదు. ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని ఏళ్ల తర్వాత సర్పిగా తిరిగివచ్చినట్లే, అదే హెర్పిస్ కుటుంబానికి చెందిన ఇది రక్తంలోని బి లింఫోసైట్లు అనే తెల్లకణాలలో జీవితాంతం నిద్రాణంగా ఉంటుంది.

కాబట్టి వీసీఏ ఐజీజీ, ఈబీఎన్‌ఏ ఐజీజీ అనే యాంటీబాడీలు జీవితాంతం పాజిటివ్‌గా ఉండటం రోగం కాదు, ఎప్పుడో సోకిందనడానికి గుర్తు మాత్రమే. కొత్తగా సోకినప్పుడు కనిపించే ఐజీఎం రకం యాంటీబాడీ సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో పోతుంది. నాకు అది లేదు. వైరస్ చురుకుగా ఉందనడానికి కొందరు చూపించే ‘ఎర్లీ యాంటిజెన్’ యాంటీబాడీలు కూడా ఆరోగ్యవంతుల్లో దాదాపు 20 శాతం మందిలో ఏళ్ల తరబడి కనిపిస్తాయి. ఇక గణితం చెప్పేదానిగా నాకు మొదట్లోనే తట్టవలసిన సంగతి ఒకటుంది: ‘750కి పైన’ అన్నది నా రోగ తీవ్రత కాదు, ఆ యంత్రం కొలవగలిగిన హద్దు. హద్దు దాటిన అంకెను మూడుసార్లు కొలిపించి ‘తగ్గలేదే’ అని నేను కుంగిపోయాను. వైడాల్ పరీక్షలో పాత ఆనవాళ్లు చూసి ప్రతి జ్వరానికీ టైఫాయిడ్ మందులు మింగిన అలవాటున్న మనకు ఈ పొరపాటు కొత్తది కాదు.

చికిత్స సంగతి మరింత ముఖ్యం. ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ వంటివి వైరస్ తన సంఖ్య పెంచుకుంటున్నప్పుడే పనిచేస్తాయి. నిద్రాణంగా ఉన్నదాన్ని ఏమీ చేయలేవు. 1980లలో అమెరికాలో తీరని నీరసాన్ని ఈ వైరస్‌కే అంటగట్టి ఆ పేరుతోనే పిలిచేవారు. 1988లో స్టీఫెన్ స్ట్రాస్ బృందం, సగటున ఏడేళ్లకు దగ్గరగా నీరసంతో బాధపడుతూ ఈ యాంటీబాడీల తీరు అసాధారణంగా ఉన్న 27 మందికి ఎసైక్లోవిర్‌ను, ఉత్తుత్తి మందును విడతలవారీగా ఇచ్చి చూసింది. ముగ్గురికి మూత్రపిండాలు దెబ్బతిని మధ్యలో మానుకోవలసి వచ్చింది. మిగిలిన 24 మందిలో మందుతో కుదుటపడ్డవారు 11 మంది, ఉత్తుత్తి మందుతో 10 మంది. అదే ఏడాది ఆ జబ్బు పేరులోంచి వైరస్ పేరు తీసివేసి ‘క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్’ అన్నారు. ఇది చదివాకే నేను ఆ చీటీని పక్కన పెట్టాను.

అలాగని ఈ వైరస్‌ను తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. నెలల తరబడి జ్వరం, కాలేయం, ప్లీహం, గ్రంథుల వాపు ఉండి, రక్తంలో వైరస్ డీఎన్‌ఏ బాగా పెరిగితే అది వేరే జబ్బు. జపాన్ వంటి తూర్పు ఆసియా దేశాల్లో ఎక్కువగా కనిపించే ఆ అరుదైన స్థితికి మూలకణ మార్పిడి దాకా వెళ్లవలసి వస్తుంది. దాన్ని తేల్చేది యాంటీబాడీలు కావు, పీసీఆర్ పరీక్ష. రెండో అభిప్రాయం కోసం వెళ్లిన వైద్యురాలు నా పొట్ట, మెడ తడిమి చూసి, ఆ ఒక్క పరీక్ష రాశారు, వైరస్ కనిపించలేదు. ఆ తర్వాత ఎవరూ అడగని నిద్ర గురించి, నెలసరి గురించి అడిగి, ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించారు. అది అడుగంటి ఉంది. ఐరన్ వాడాక ఆయాసం తగ్గింది. నీరసం మాత్రం సగమే తగ్గింది.

ఆ మిగిలిన సగాన్ని ‘మనసులోని జబ్బు’ అని కొట్టిపారేసేవారికీ ఒక మాట చెప్పాలి. ఆస్ట్రేలియాలోని డబ్బో ప్రాంతంలో ఈ వైరస్‌తో సహా మూడు రకాల ఇన్‌ఫెక్షన్లు వచ్చిన 253 మందిని గమనిస్తే, ఆరు నెలల తర్వాత కూడా 12 శాతం మంది కోలుకోలేదని 2006లో ప్రచురితమైంది. మొదటి జబ్బు ఎంత తీవ్రంగా వచ్చిందన్నదే దానికి ముఖ్య సూచికగా తేలింది తప్ప మానసిక కారణాలు కావు. నా కళాశాల యాజమాన్యం తరగతుల మధ్య ఒక పీరియడ్ విరామం ఇవ్వడం నాకు ఏ బిళ్లకన్నా ఎక్కువ ఉపకరించింది.

ల్యాబుల వారికి నా విన్నపం ఒక్కటే. ఐజీజీ పక్కన ముదురు అక్షరాలతో ‘హై’ అని అచ్చువేసేటప్పుడు, ‘పూర్వం సోకినవారిలో ఇది సహజం, దీన్నిబట్టి ప్రస్తుత జబ్బును నిర్ణయించలేము’ అని కింద తెలుగులో ఒక వాక్యం చేర్చండి. మీ ఆరోగ్య పేజీలో కూడా వైద్య నిపుణులతో ఈ విషయంపై రాయించవలసిందిగా కోరుతున్నాను. నాలుగోసారి పరీక్షకు రాయితీ ఇస్తామని నిన్న నా ఫోనుకు సందేశం వచ్చింది. ఈసారి ఫెరిటిన్ మాత్రమే చేయించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకురాలు,
తెనాలి.