పాత డబుల్ బ్యారెల్ తుపాకుల రిపేరు: కొత్త రేట్లు, వాటి వెనక లెక్క

మా కస్టమర్లకు,

"తాతగారి తుపాకి ఉంది, బాగుచేయడానికి ఎంతవుతుంది?" అని ఫోటో పంపి అడిగేవాళ్లకు ఇన్నాళ్లూ ఫోన్లోనే ఉజ్జాయింపు ధర చెబుతూ వచ్చాం. ఈ నెల నుంచి చెప్పం. ఫోటోలో కనిపించేది చెక్క, నగిషీ, పైపైన తుప్పు. కాల్చేవాళ్ల ప్రాణం ఆధారపడింది బ్యారెల్ గోడ మందం మీద, గొట్టం లోపలి గుంటల మీద, బ్యారెల్ బాడీకి ఎంత బిగువుగా కూర్చుందన్నదాని మీద. ముందు తక్కువ చెప్పి, విప్పాక ఎక్కువ అడగడం మీకు అన్యాయం.

అందుకే మొదట పరీక్ష. అది 5 గంటల పని. గంటకు 600 చొప్పున 3,000 రూపాయలు. రిపేరు వద్దనుకున్నా ఈ డబ్బు వెనక్కి ఇవ్వలేం కానీ, కొలతలన్నీ కాగితం మీద రాసిస్తాం.

మా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా ఇంగ్లండులో తయారైన 12 బోర్ (గొట్టం సైజు) తుపాకులు. బ్యారెల్ విప్పి అడుగున చూస్తే ప్రూఫ్ ముద్రలు, అంటే గొట్టాన్ని ఎక్కువ మందుతో కాల్చి పరీక్షించినట్టు వేసిన గుర్తులు, ఉంటాయి. కిరీటం కింద ఎన్‌పీ అని ఉంటే బర్మింగ్‌హామ్, కత్తి పట్టిన చెయ్యి కింద ఎన్‌పీ ఉంటే లండన్. రెండూ 1904 తర్వాతి ముద్రలే. ఆ బ్యారెల్‌ను పొగరాని మందుతో పరీక్షించారని వాటి అర్థం. అలాంటి ముద్ర లేకపోతే అది నల్లమందుకే పరీక్షించినది కావచ్చు. అలాంటిదాన్ని ఇప్పటి తూటాలకు సిద్ధం చేయమని దయచేసి అడగకండి. డమాస్కస్ బ్యారెళ్ల విషయంలో ఇంకా గట్టిగా ఉంటాం. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, చుట్టి, కొలిమిలో అతికించి చేసిన గొట్టాలవి. అతుకుల్లో దూరిన తుప్పు బయటికి కనపడదు. పైన నలుపు పెట్టి ఉంటే మెలికలు కూడా కనపడవు కాబట్టి, ముందుచెక్క కింద దాగే చోట కొంచెం రుద్ది, ఫెర్రిక్ క్లోరైడ్ పూసి చూస్తాం.

తర్వాత కొలతలు. గొట్టం లోపలి వ్యాసాన్ని వెనక నుంచి 9 అంగుళాల దగ్గర కొలుస్తాం. 1954 తర్వాత ప్రూఫ్ అయినవాటి మీద .729 లాంటి అంకె (అంగుళాల్లో) ఉంటుంది. అంతకంటే 10 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెరిగితే ఆ ప్రూఫ్ చెల్లదు. గోడ మందం ఎక్కడా 20 థౌ, అంటే సుమారు అర మిల్లీమీటరు, కంటే తగ్గకూడదు. మామూలు కాలిపర్ మూతి దగ్గరే అందుతుంది. పలచబడేది మధ్యలో కాబట్టి దీనికి పొడవాటి గేజ్ వేరే ఉంది. "లోపల గుంటలున్నాయి, తోమి అద్దంలా చేయండి" అని చాలామంది అంటారు. గుంట లోతు 5 థౌ ఉంటే చుట్టూ అంత లోహమూ తీసేయాలి. వ్యాసం 10 థౌ పెరుగుతుంది, ప్రూఫ్ అక్కడితో పోతుంది. లోతులేని మచ్చలతో మసకగా ఉన్న మందమైన గొట్టం, అద్దంలా మెరిసే పలచని గొట్టం కంటే ఎంతో మేలు.

తూటా పొడవు గురించి మరీ జాగ్రత్త. పాత తుపాకులు చాలావరకు రెండున్నర అంగుళాల, అంటే 65 మి.మీ. తూటా గదితో ఉంటాయి. 70 మి.మీ. తూటా కూడా అందులోకి సులువుగా దూరుతుంది, ఎందుకంటే ఆ 70 అనేది పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక దారి ఇరుకై, ఒత్తిడి పెరుగుతుంది. "దూరింది కదా" అన్నది ప్రమాణం కాదు. గదిని తొలిచి పొడవు పెంచే పని మేం చేయం.

ఇక బిగువు. ముందుచెక్క తీసేసి, బ్యారెల్ మూసి ఊపితే కదలిక తెలుస్తుంది. వెలుతురుకు పట్టి చూస్తే సందు కనపడుతుంది. ముందుచెక్క స్ప్రింగు బ్యారెల్‌ను వెనక్కి నెడుతుంది కనుక, అది ఉండగా చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. అరిగేది బ్యారెల్ కింది కొక్కెం, దాన్ని పట్టుకునే పిన్ను. కొక్కేన్ని సుత్తితో కొట్టి సాగదీయడం, మధ్యలో ఇత్తడి రేకు పెట్టడం మాకు తరచూ కనిపించే పాత రిపేర్లు. రెండూ కొన్ని పదుల తూటాలకే వదులైపోతాయి. మేం కొక్కెం మీద టిగ్ వెల్డింగుతో లోహం పెంచి, దీపం మసి పూసి మూసి, మసి ఎక్కడ చెరిగితే అక్కడే ఆకురాయి పెడుతూ కూర్చోబెడతాం. 12 గంటలు, 7,200.

విరిగిన వి-స్ప్రింగు కొత్తది చేయడానికి 3,000. సొట్ట ఒక్కోటి 900. బట్టు (భుజానికి ఆనించే చెక్క) వెనక పగులు అతకడానికి 4,800. ఏళ్ల తరబడి నూనె తాగిన చెక్కకు జిగురు పట్టదు, ముందు సుద్దపొడి, అసిటోన్ ముద్ద పెట్టి ఆ నూనె లాగాలి.

ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బరువు ముందుదానికి 1.6 కిలోలు, వెనకదానికి 1.8 కిలోల దగ్గర ఉంచుతాం. లోపలి గాడి అరిగితే ఒక గొట్టం పేలిన అదురుకే రెండోదీ పేలుతుంది. చాలా తుపాకుల్లో సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌ను మాత్రమే, లోపలి గుర్రాన్ని (తూటాను పేల్చడానికి కొట్టే భాగాన్ని) కాదు.

అన్నిటికన్నా ఖరీదైనది రెండు బ్యారెళ్ల మధ్య రిబ్ (వాటిని కలిపే పట్టీ) ఊడటం. బ్యారెల్‌ను కొక్కేనికి వేలాడదీసి చెక్కతో తడితే గంటలా మోగాలి. బొంగురుగా ఉంటే తగరం మాటు విడిందని అర్థం. సముద్రపు గాలి తగిలే ఊళ్ల తుపాకుల్లో లోపల తుప్పు పొడి రాలుతుంది. విప్పి, శుభ్రం చేసి, మళ్లీ మాటు వేయడానికి 30 గంటలు, 18,000. దయచేసి డబుల్ బ్యారెల్‌ను కాస్టిక్ తొట్టిలో ముంచి నలుపు పెట్టేచోటికి ఇవ్వకండి. ఆ వేడి ద్రావణం మాటును తినేస్తుంది. మేం తుప్పు పట్టించి, నీళ్లలో మరిగించి, తోమి, మళ్లీ పట్టించే పాత పద్ధతిలో 8 నుంచి 10 పూతలు వేస్తాం. పది రోజులు పడుతుంది, చేతిపని 10 గంటలు, 6,000. నంబరు, ముద్రలు అరిగేలా బఫింగ్ చేయం. అవి చెరపడం ఆయుధాల చట్టం ప్రకారం నేరం కూడా.

కొక్కెం, ఒక స్ప్రింగు, రెండు సొట్టలు, బట్టు పగులు, నలుపు కలిపితే 22,800. పరీక్షతో 25,800. జీఎస్టీ 18 శాతం 4,644. మొత్తం 30,444. రిబ్ కూడా చేయాల్సొస్తే 51,684. గొట్టం గోడ పలచబడిందని తేలితే మాత్రం 3,000 దగ్గరే ఆపమంటాం. మిగతా పనులకు డబ్బు తీసుకోం.

"పాతది, పేలదు, దీనికి లైసెన్సెందుకు" అని అడుగుతున్నారు. చట్టంలో మినహాయింపు రిపేరు చేసినా పేలని ఆయుధానికే. బాగుచేస్తే పేలేదైతే, గోడకు తగిలించుకున్నా లైసెన్సు కావాలి. తండ్రి పేరు మీద ఉన్నదైతే ముందు మీ పేరుకు మార్పించుకోండి. అసలు లైసెన్సు చూడకుండా తుపాకిని లోపలికి తీసుకోలేం.

ఇప్పటికే మా దగ్గరున్న తుపాకులకు పాత అంచనాయే వర్తిస్తుంది. ఎన్నికల ముందు స్టేషన్లో డిపాజిట్ చేసేవాళ్లు గొట్టాల లోపలా బయటా మినరల్ గన్ ఆయిల్ పట్టించి, తోలు సంచి లేకుండా ఇవ్వండి. తోలు తేమ పట్టి ఉంచుతుంది. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకట్టి లాకులు (లోపల పేల్చే యంత్రభాగాలు) పట్టేస్తాయి. ఇంటికి తెచ్చిన రోజే పాత నూనె తుడిచి కొత్తది వేయండి.