అమ్మ పాట డిస్కులో ఉంది, వినిపించే మెషీన్ ఏది?

సంపాదకులకు నమస్కారం.

మా ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బాలో ఇరవై రెండు మినీడిస్కులున్నాయి. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పెట్టె, లోపల వెండిలా మెరిసే చిన్న బిళ్ల. వాటి నిండా మా అమ్మ గొంతు. అమ్మ 2009లో పోయింది. ఆ డిస్కులకు ఇప్పటికీ ఏమీ కాలేదు. వాటిని వినిపించే మెషీనే కిందటేడు మూలబడింది. ఆ రెండు నెలలూ నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2000లో మా తమ్ముడు సింగపూర్ నుంచి వస్తూ చిన్న రికార్డరు, దాంతోపాటు ఒక మైకు తెచ్చాడు. అమ్మది సూర్యాపేట దగ్గరి పల్లె. బతుకమ్మ పాటలు, పెళ్లిలో అప్పగింతల పాటలు, నాట్లేసేటప్పుడు పాడుకునేవి, ఎన్ని వచ్చో ఆమెకే లెక్క లేదు. అంతకుముందు క్యాసెట్ల మీద ఎక్కించాను కానీ రెండు మూడేళ్లకే టేపు సాగి గొంతు మారిపోయింది. అందుకే ఈసారి డిస్కు మీద ఎక్కిద్దామని కూర్చున్నాం.

మొదటి రాత్రి అమ్మ నోరు తెరవలేదు. మైకు ముందు ఒక్కర్తినే కూర్చోబెడితే, "జవాబిచ్చేటోళ్లు లేకుంటే పాటెట్ల నడుస్తది బిడ్డా?" అంది. ఆమె అన్నదీ నిజమే. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకోవాలి, చప్పట్లు పడాలి, అప్పుడే తర్వాతి చరణం గుర్తుకొస్తుంది. మర్నాటి నుంచి పక్కింటి పెద్దమ్మనూ, పైవాటాలో అద్దెకున్న ఇద్దరు అక్కాచెల్లెళ్లనూ పిలిచాను. రాంనగర్‌లో మా వీధి సద్దుమణిగేది రాత్రి పదకొండు దాటాకే. కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి మొదలుపెట్టేవాళ్లం. మే నెల. అందరికీ చెమటలు కారిపోయేవి, అయినా ఒక్కరూ లేచి వెళ్లలేదు.

అసలు చిక్కు చప్పట్లతో వచ్చింది. రికార్డరును ఆటో లెవెల్ మీద, అంటే శబ్దం స్థాయిని అదే సర్దుకునేట్టు వదిలేస్తే, చప్పట్లు పడ్డప్పుడల్లా అది బెదిరినట్టు మొత్తం శబ్దాన్ని తగ్గించేసేది. అమ్మ గొంతు అడుగుకు పోయి, మళ్లీ మెల్లగా పైకి వచ్చేది. మాన్యువల్‌కు మార్చి, అమ్మ గట్టిగా పాడే చరణం ఒకటి ముందు పాడించుకుని, మీటరు సున్నాకు, అంటే శబ్దం దాటకూడని గీతకు, పన్నెండు డెసిబెల్స్ కిందే ఉండేట్టు సర్దాను. క్యాసెట్లో శబ్దం గీత దాటినా చెవి ఎలాగో సర్దుకుంటుంది. డిజిటల్‌లో దాటితే గొంతు చిట్లిపోతుంది, దాన్ని తర్వాత బాగుచేయలేం. జవాబిచ్చేవాళ్లను మైకుకు దూరంగా గోడవార కూర్చోబెట్టి, చప్పట్లకు బదులు తొడ మీద మెత్తగా తట్టమన్నాను. మైకు అమ్మకు మూరెడు దూరంలో, నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు పెట్టాను. సూటిగా పెడితే "ప", "భ" వచ్చినచోటల్లా ఊపిరి తగిలి బుస్సుమంటుంది. డిస్కు తిరిగే చప్పుడు కూడా మైకు పట్టేస్తోందని రికార్డరును వైరు అందినంత దూరంలో దిండు మీద పెట్టాను. ఇవన్నీ నాకెవరూ నేర్పలేదు. పాడైన రికార్డింగులు వినివిని తెలుసుకున్నవే.

ఒక రాత్రి నలభై నిమిషాల పాటలు పోయాయి. బ్యాటరీ వేయకుండా అడాప్టర్ మీదే నడుపుతున్నాం, కరెంటు పోయింది. ఈ డిస్కులో పుస్తకానికి విషయసూచిక ఉన్నట్టే ఒకటుంటుంది. ఏ పాట ఎక్కడ మొదలైందీ, ఎక్కడ ముగిసిందీ అందులో ఉంటుంది. రికార్డింగ్ ఆపిన తర్వాతే మెషీన్ దాన్ని రాస్తుంది. అది రాయకముందే కరెంటు పోతే, పాట డిస్కు మీద ఉన్నా మెషీన్ లెక్కలో అది ఖాళీయే. మర్నాడు అమ్మ అవే పాటలు మళ్లీ పాడింది. ఒక అప్పగింతల పాటలో మాత్రం ముందురోజు పాడిన రెండు చరణాలు గుర్తు రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. నాకు ఆ రెండు చరణాల బాధ ఇప్పటికీ ఉంది.

ఆ మినీడిస్క్‌ను సోనీ కంపెనీ 1992లో తెచ్చింది. ప్లేయర్ల అమ్మకం 2013లో ఆపేసింది, ఖాళీ డిస్కుల తయారీని కూడా 2025 ఫిబ్రవరితో ముగించింది. అది వ్యాపారం, వాళ్లు మానుకున్నారు. కానీ మన ఇళ్లల్లో నిండి ఉన్న డిస్కుల సంగతేమిటి?

నా మెషీన్ ఆగిపోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో షాపు షాపూ తిరిగాను. చాలామంది చేతిలోకి కూడా తీసుకోలేదు. చివరికి ఒక పెద్దాయన విప్పి చూశాడు. లోపల వదిలేసిన పాత బ్యాటరీ కారి తెల్లగా పొడి పట్టి ఉంది. దాన్ని గీకి, లెన్సు తుడిచి, నా చెవికి హెడ్‌ఫోన్ పెట్టాడు. అమ్మ గొంతు వినబడింది. ఆయన షాపు కౌంటరు పట్టుకుని ఏడ్చేశాను.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం ఒక డిస్కు కంప్యూటర్‌లోకి ఎక్కించాను. నా దగ్గరున్న పాత మోడల్‌లో పాటను ఫైల్‌గా లాగే వీలు లేదు (ఆ వీలున్న మోడల్‌ను ఆ కంపెనీయే 2006లో తెచ్చింది, ఇప్పుడది దొరకడమే కష్టం). హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కు (బయటి శబ్దాన్ని లోపలికి తీసుకునే రంధ్రానికి) వైరు కలిపి, పాట నడిచినంతసేపూ కూర్చోవాల్సిందే. గొంతు ఒక్కటే కదా అని అప్పట్లో మోనోలో, అంటే స్టీరియోలోలా రెండు వరుసలుగా కాక ఒకే వరుసగా ఎక్కించాను, అందుకే 74 నిమిషాల డిస్కులో 148 నిమిషాలు పట్టాయి. కుదించకుండా దాచుకుంటే ఒక్కో డిస్కుకు 800 ఎంబీ కూడా కాదు. అన్నీ కలిపి ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేశాయి. నా దగ్గర ఒక కాపీ, తమ్ముడి దగ్గర ఒకటి, మా అమ్మాయి దగ్గర ఒకటి ఉన్నాయి.

మా వీధిలో ఒక మాస్టారికి ఈ అదృష్టం దక్కలేదు. వాళ్ల నాన్నగారు హార్మోనియం పెట్టుకుని పౌరాణిక నాటకాల పద్యాలు పాడితే, ఇంట్లోనే సీడీ రికార్డరు మీద ఎక్కించారు. ఎక్కించాక చివర్లో ఫైనలైజ్ అనే పని ఒకటి చేయాలి. అది చేయకపోతే ఆ సీడీ మామూలు ప్లేయర్లలో ఆడదు. ఆయనకు ఆ సంగతి తెలియదు. తన రికార్డరులో ఆడుతోంది కదా అనుకున్నారు. ఇల్లు మారేటప్పుడు ఆ రికార్డరును పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. ఇప్పుడు సీడీ ఏ ప్లేయర్‌లో పెట్టినా "నో డిస్క్" అంటోంది. అదే రకం రికార్డరు దొరికితే ఇప్పటికైనా ఫైనలైజ్ చేయవచ్చు. కొన్ని కంప్యూటర్ డ్రైవులు కూడా అలాంటి డిస్కును చదవగలవు. డెబ్బై దాటిన మనిషి అవన్నీ ఎక్కడ వెతుక్కుంటారు?

రేడియోలో పాడినవాళ్ల పాటలను దాచడానికి ఆకాశవాణి ఉంది. వంటింట్లో, వాకిట్లో, పొలంలో పాడినవాళ్ల పాటలు దాచేది మనమే, డబ్బాల్లో, అటకల మీద. నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనో, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనో ఒక గది ఇవ్వండి. ఒక క్యాసెట్ డెక్కు, ఒక మినీడిస్క్ ప్లేయరు, ఒక సీడీ రికార్డరు, ఒక కంప్యూటరు, వాటి పని తెలిసిన మనిషి ఒకరు ఉంటే చాలు. మెషీన్లను జనమే ఇస్తారు, అటకల మీద పడి ఉన్నవి చాలా ఉన్నాయి. డిస్కు తెచ్చినవాళ్లు తమ పాట పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వెళ్తారు. ఇష్టపడితే ఒక కాపీ లైబ్రరీలో ఉంచుతారు, ఇష్టం లేకపోతే లేదు. పాడిన మనిషి పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడే పాట అన్నది మాత్రం ఒక రిజిస్టరులో రాసుకోవాలి. అమ్మను అడగాల్సినప్పుడు అడగక, పదకొండు పాటలు ఎప్పుడు పాడేవో నాకిప్పుడు తెలియదు.

మీ పాఠకుల్లో ఎవరింట్లోనైనా ఇలాంటి రికార్డరు ఉంటే దయచేసి పాత సామాన్లవాడికి వేయకండి. లోపలి బ్యాటరీ మాత్రం ఈరోజే తీసేయండి.

సంబంధిత అధికారులు గది, బల్ల చూపిస్తే నా మెషీన్ తీసుకుని నేనే వస్తాను. మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా నాకు వీలవుతుంది. మొదట మా మాస్టారి సీడీ సంగతి చూద్దాం.

– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని,
రాంనగర్, హైదరాబాద్