సీసా మీద "గిఫ్ట్" అని రాయను: అమెరికా పార్సిళ్ల సంగతి

అమెరికాలో ఉన్న మన కస్టమర్లందరికీ నమస్కారం. ఆగస్టులో డబ్బు కట్టి, దసరా వెళ్లినా పచ్చడి అందక, చివరికి రీఫండ్ తీసుకున్న 41 ఇళ్లవాళ్ల కోసం ముఖ్యంగా రాస్తున్నాను. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పాను, ఒకరిద్దరి మీద విసుక్కున్నాను కూడా. తప్పే.

800 డాలర్ల లోపు పార్సిల్‌కి అమెరికాలో సుంకం ఉండేది కాదు. మన వ్యాపారం మొత్తం ఆ ఒక్క వెసులుబాటు మీద నిలబడిందని అది పోయాకే తెలిసింది. 2025 ఆగస్టు 29న ఎత్తేశారు. దానికి రెండు రోజుల ముందే మన దేశం సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం మనం రష్యా చమురు కొంటున్నందుకట. ఆ డబ్బు ఎవరు వసూలు చేయాలో, ఎలా కట్టాలో తేలక మన తపాలా శాఖ 25వ తేదీ నుంచే పార్సిళ్లు ఆపేసింది. మనమొక్కరమే కాదు, ఎనభైకి పైగా తపాలా సంస్థలు ఆపాయి. 1874లో బెర్న్‌లో 22 దేశాలు కూర్చుని, ఒకరి ఉత్తరం ఇంకొకరు చేరవేయాలని ఒప్పందం రాసుకున్నాయి. యుద్ధాలొచ్చినా పోని ఆ ఒప్పందం, చైనా చవక పార్సిళ్ల మీద అమెరికా జనానికున్న కోపం ముందు ఇలా అయింది.

ఇక మా ఏజెంటు కథ. పోస్టు ఆగుతుందని పుకారు రాగానే ఆగస్టు 18న 41 పెట్టెలూ హైదరాబాద్‌లో ఒక కొరియర్ ఏజెంటుకి అప్పజెప్పాను. "ఇరవై తొమ్మిది లోపు దిగిపోతాయక్కా, టెన్షన్ పడకండి" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. సెప్టెంబర్ 19న అన్నీ తిరిగొచ్చాయి. నెల రోజులు గోడౌన్లోనే ఉన్నాయట. గోంగూర సీసాల మూతలు ఉబ్బాయి. అట్టపెట్టెల అడుగున నువ్వుల నూనె దిగి చిరునామాలు అలుక్కుపోయాయి. ఆటోవాడు "ఏం పచ్చళ్లండీ, వీధంతా వెల్లుల్లి వాసన" అన్నాడు.

దానికంటే బాధపెట్టింది ఒక లేబుల్. నన్ను అడగకుండానే ప్రతి పెట్టె మీదా "గిఫ్ట్, శాంపిల్, 20 డాలర్లు" అని అంటించాడు. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ ఏరి తెప్పించి, మే ఎండలో ముక్కలు తుడిచి, మా అత్తయ్య చేత ఉప్పు చూపించి పెట్టిన ఆవకాయ అది. శాంపిలా!

మీలో చాలామంది మంచి మనసుతోనే చెప్పారు: "వంద డాలర్ల లోపు గిఫ్ట్‌కి సుంకం లేదు కదండీ, అలా రాసేయండి." మా ఆయన కూడా అదే మాట. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. ఒక ఫారం మీద రాశాను కూడా, మళ్లీ చింపేశాను. బిల్లు కొట్టి డబ్బు తీసుకుని పంపేది గిఫ్ట్ ఎలా అవుతుంది? పైగా పట్టుబడితే పెట్టె మీద ఉండేది మీ పేరు. మీలో సగం మంది గ్రీన్ కార్డు కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నవాళ్లే. ఇది నీతి కాదు, పంతం అనుకోండి. రాయను.

ఇంత జరుగుతున్నప్పుడు మా నెయ్యి పోసే ఆయన మాత్రం సంతోషంగా ఉన్నాడు. అమెరికా తన పాల సరుకుకి మన తలుపు తెరవాలంటుంటే, రైతుల, పాడివాళ్ల విషయంలో రాజీ పడేది లేదని ఆగస్టు 7న ప్రధాని చెప్పారు కదా. "మంచి పని చేశారమ్మా" అంటాడు. నా పెట్టెలు గోడౌన్లో కుళ్లుతుంటే నాకు ఒళ్లు మండింది. కానీ సున్నుండల్లో పడేది ఆయన నెయ్యే, ఆయనకున్నవి నాలుగు గేదెలు. ఏమనను?

చిత్రమేమిటంటే, నవంబర్ 14న కాఫీ, టీ, అరటిపండ్లు, మసాలా దినుసుల్లాంటి వాటికి ట్రంప్ అదనపు సుంకం తీసేశారు. కిరాణా బిల్లులు చూసి అక్కడి ఓటర్లు గొణగడం, ఆ నెల మొదట్లో న్యూజెర్సీ, వర్జీనియాల్లో ఆయన పార్టీ ఓడిపోవడం జరిగాకే. మన ఢిల్లీవాళ్లు నెలల తరబడి మాట్లాడితే రానిది న్యూజెర్సీలోని ఎడిసన్‌ ఊళ్లో కిరాణా బిల్లు తెచ్చింది. మా పోస్టాఫీసు కౌంటర్లో పచ్చళ్లకి మాత్రం ఆ తర్వాత కూడా 50 శాతమే కట్టించుకున్నారు.

పోస్టు అక్టోబర్ 15 నుంచి మళ్లీ తీసుకుంటోంది. సుంకం ఇక్కడే బుకింగ్‌లో కట్టేస్తాం, మీ గుమ్మంలో ఎవరూ అడగరు. 2025 చివర్లో వెయ్యి రూపాయల పచ్చడికి సుంకం 500 పడేది. బిల్లులో దాన్ని విడిగా చూపిస్తాను, అందులో నాకు పైసా మిగలదు. ధర పెంచలేదు, సీసా సైజు తగ్గించలేదు. ఇంత పెట్టడం కష్టమనుకుంటే సంక్రాంతికి వచ్చేవాళ్ల చేత తెప్పించుకోండి. ఏమీ అనుకోను, ప్యాకింగ్ నేనే చేసిస్తాను. ఆ ఏజెంటుతో మాత్రం ఇక పని లేదు.

ఎడిసన్ అక్కా, మీ మాగాయ మంగళవారం వెళ్లింది. ఫారం మీద "మామిడి పచ్చడి, అమ్మకం, 1,850 రూపాయలు" అని నా చేత్తోనే రాశాను.