టీకా వేసిన కుక్కకూ దగ్గు ఎందుకొస్తుంది?

సంపాదకులకు,

సంక్రాంతికి కుక్కను బోర్డింగ్‌లో వదిలి ఊరెళ్లినవారిలో చాలామంది, తిరిగొచ్చి వారం కాకుండానే పశువైద్యుడి దగ్గరికి ఒకటే ఫిర్యాదుతో వస్తారు. "టీకాలన్నీ వేయించాం సార్, అయినా దగ్గు పట్టుకుంది" అని. కొందరు అక్కడితో ఆగరు. టీకాలే దండగనుకుని మరుసటి ఏడాది రేబిస్ సూది కూడా మానేస్తారు. కుక్కలు గుమిగూడే చోట ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే ఈ దగ్గును కెన్నెల్ కాఫ్ అంటారు. అది చాలావరకు దానంతటదే పోతుంది. ఆ నిర్ణయం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు టీకా కార్డు తెరిచి చూడండి. మన దగ్గర ఎక్కువమంది వేయించేవి రేబిస్ టీకా, "సెవెన్ ఇన్ వన్", "నైన్ ఇన్ వన్" అని పిలిచే కలగలుపు టీకా. ఈ రెండోదానిలో డిస్టెంపర్, పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బులకూ, అడినో, పారాఇన్‌ఫ్లూయెంజా వైరస్‌లకూ, లెప్టోస్పైరా బ్యాక్టీరియాకూ టీకాలు ఉంటాయి. అంకె ఏడు నుంచి తొమ్మిదికో పదికో పెరగడానికి కారణం ఎక్కువగా లెప్టోస్పైరా రకాలే. కెన్నెల్ కాఫ్‌కు ముఖ్య కారణమైన బోర్డెటెల్లా బ్యాక్టీరియా వీటిలో సాధారణంగా ఉండదు. దాని టీకా వేరు, స్టిక్కర్ వేరు. కార్డు మీద "కేసీ" (కెన్నెల్ కాఫ్) అనో "బోర్డెటెల్లా" అనో స్టిక్కర్ లేకపోతే మీ కుక్కకు ఆ టీకా పడలేదన్నట్టే.

స్టిక్కర్ ఉన్నా దగ్గు రావచ్చు. బోర్డెటెల్లా, పారాఇన్‌ఫ్లూయెంజా, అడినో, శ్వాసకోశ కరోనా, మైకోప్లాస్మా, ఇన్‌ఫ్లూయెంజా... వీటిలో ఏది సోకినా, రెండు మూడు కలిసి సోకినా పైకి కనిపించే దగ్గు ఒకటే. టీకా వీటిలో రెండింటినో మూడింటినో చూసుకుంటుంది. పైగా చర్మం కింద ఇచ్చే సూది రక్తంలో రక్షణ పెంచుతుంది. ఈ క్రిములేమో ముక్కులో, శ్వాసనాళం లోపలి పొర మీద తిష్ఠ వేస్తాయి. ఆ పొర మీద సన్నని నూగు ఉంటుంది, కఫాన్ని పైకి తోసేది అదే. బోర్డెటెల్లా ఆ నూగుకే అతుక్కుని దాన్ని కదలనివ్వదు. ముక్కులో చుక్కలుగా వేసే టీకా మేలనేది ఇందుకే, రక్షణ అక్కడే తయారవుతుంది. టీకా పడిన కుక్కకు జబ్బు వచ్చినా సాధారణంగా తక్కువ రోజుల్లో, తేలికగా పోతుంది. టీకా నుంచి ఆశించాల్సింది అంతే. దగ్గే రాదని ఏ టీకా హామీ ఇవ్వదు.

చుక్కల టీకా బోర్డెటెల్లా మీద పనిచేయడానికి కనీసం మూడు రోజులు, పారాఇన్‌ఫ్లూయెంజా మీద మూడు వారాలు పడుతుంది. రక్షణ సుమారు ఏడాది. బోర్డింగ్‌కు బయలుదేరే రోజు పొద్దున వేయిస్తే కార్డు మీద స్టిక్కరే మిగులుతుంది. సూది రూపంలో ఉండే బోర్డెటెల్లా టీకాకు మొదటిసారి రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. ముక్కు చుక్కల్లో ఉండేది బతికి ఉన్న క్రిమి కాబట్టి ఆ సమయంలో కుక్క యాంటీబయాటిక్ మీద ఉంటే టీకా వృథా. పొరపాటున దాన్ని సూదితో చర్మం కింద ఎక్కిస్తే గడ్డలు కడతాయి, కాలేయం కూడా దెబ్బతినవచ్చు. అలా జరిగితే ఆ రోజే వైద్యుడికి చెప్పాలి. చుక్కలు వేశాక కొద్ది రోజులు తుమ్ములు, చిన్న దగ్గు రావడం మామూలే.

ఇక జబ్బు సంగతి. సోకిన రెండు నుంచి పది రోజుల్లోపు దగ్గు మొదలవుతుంది. పొడిగా, బాతు అరిచినట్టు, వరసగా దగ్గి చివర వాంతి చేసుకోబోయినట్టు ఓకరించి కాస్త తెల్ల నురగ కక్కుతుంది. గొంతులో ఎముక ఇరుక్కుందని నోట్లో వేలు పెట్టి వెతకడం ఇక్కడ జరిగే మొదటి పొరపాటు, దగ్గు తెర మధ్య వేలు కరుస్తుంది. నిజంగా ఎముక అడ్డుపడితే సాధారణంగా కుక్క ముందు కాళ్లతో మూతి గీరుకుంటుంది, చొంగ కారుస్తుంది, తిండి మింగలేదు. కెన్నెల్ కాఫ్‌లో దగ్గు తెర ఆగగానే తోక ఊపుతూ గిన్నె దగ్గరికి వస్తుంది. ఒక తెరను ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. ఆసుపత్రిలో కుక్క ఒక్కసారీ దగ్గకపోవచ్చు.

హుషారుగా ఉండి, తింటూ, జ్వరం లేని కుక్కకు ఇంటి జాగ్రత్తలు చాలు. మెడపట్టీ తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ వాడండి, పట్టీ లాగినప్పుడల్లా శ్వాసనాళం నొక్కుకుని దగ్గు తెర లేస్తుంది. రెండు వారాలు పరుగులు, బంతి ఆటలు వద్దు. స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి తలుపు మూసి, ఆ ఆవిరిలో పది పదిహేను నిమిషాలు కుక్కతోపాటు కూర్చోండి, రోజుకు రెండుసార్లు. మరిగే నీళ్ల గిన్నె ముందు పెట్టడం, దుప్పటి కప్పడం మాత్రం చేయకండి, ఒక్క తన్నుతో ఒళ్లు కాలుతుంది. సాంబ్రాణి, అగరొత్తులు, దోమల కాయిల్, ఎండుమిర్చి పోపు ఘాటు, వీటన్నిటికీ కుక్కను దూరంగా ఉంచండి. మందులు మార్చి మార్చి వాడినా తగ్గని దగ్గు దేవుడి గది పక్కన పడుకోవడం మానగానే తగ్గడం పశువైద్యులకు కొత్త కాదు. తిండి మెత్తగా, గోరువెచ్చగా పెట్టండి. ఏడాది దాటిన, మధుమేహం లేని కుక్కకు అర చెంచా తేనె ఇవ్వవచ్చు.

ఇంట్లో పిల్లలకు తెచ్చిన దగ్గు సిరప్ మాత్రం పోయకండి. వాటిలో పారాసెటమాల్, సూడోఎఫెడ్రిన్ లాంటివి ఉండవచ్చు, చక్కెర లేని రకాల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండవచ్చు. జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను నిమిషాల్లో పడగొడుతుంది. ఐబూప్రొఫెన్ కడుపులో పుండ్లు పెట్టి కిడ్నీలను దెబ్బతీస్తుంది. కర్పూరం కలిసిన బామ్ ఛాతీకి రాస్తే కుక్క నాకేస్తుంది, అది విషం. దగ్గు ఆపే మందు వైద్యుడు రాసిచ్చినా పొడిదగ్గుకే. కఫం గరగరలాడే దగ్గును ఆపితే ఆ కఫం ఊపిరితిత్తుల్లోనే నిలుస్తుంది.

యాంటీబయాటిక్ కోసం వైద్యుడిని ఒత్తిడి చేయడం మానుకోవాలి. అడగ్గానే రాసిచ్చే వైద్యులూ కాస్త ఆగాలి. తేలిక దగ్గు చాలావరకు ఒకటి నుంచి మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. జ్వరం, నీరసం, తిండి మానేయడం, ముక్కు నుంచి చిక్కని చీమిడి కలిసి కనిపిస్తేనే యాంటీబయాటిక్ అవసరం. అప్పుడు మొదటి ఎంపిక డాక్సీసైక్లిన్, కిలో బరువుకు 5 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, ఏడు నుంచి పది రోజులు. 20 కిలోల లాబ్రడార్‌కు పూటకు 100 మి.గ్రా. అన్నమాట. ఈ లెక్క చీటీ సరిచూసుకోవడానికే, సొంతంగా మొదలుపెట్టడానికి కాదు. మాత్ర తిండితో ఇచ్చి, వెనకే సిరంజితో ఐదారు మి.లీ. నీళ్లు పట్టాలి, ఉత్తిగా మింగిస్తే ఆహారనాళంలో అతుక్కుని పుండు పడుతుంది. పాలు, పెరుగుతో కలిపి ఇవ్వకండి. ఇంట్లో మిగిలిన సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్‌తో కాలం గడిపేవాళ్లున్నారు, ఆ వర్గం మందులకు బోర్డెటెల్లా తరచూ లొంగదు.

ఆలస్యం చేయకూడని గుర్తులు వేరే ఉన్నాయి. మలద్వారంలో పెట్టిన థర్మామీటర్ 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం (మామూలుగా 100.5 నుంచి 102.5), పడుకున్నప్పుడు నిమిషానికి 40కి మించి ఊపిరి తీయడం, చిగుళ్లు పాలిపోవడం, ఒక రోజంతా తిండి ముట్టకపోవడం. ఇవి న్యుమోనియా వైపు చూపే గుర్తులు, ఎక్స్‌రే కావాలి. నాలుగు నెలల లోపు కుక్కపిల్లలు, పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడిముక్కు జాతులు, ముసలి కుక్కలు అయితే మొదటి రోజే చూపించండి. కళ్లలో పుసి, పచ్చటి చీమిడి, విరేచనాలు, దవడలు టకటకమని కొట్టుకోవడం కనిపిస్తే డిస్టెంపర్‌ను అనుమానించాలి, టీకాలు సగంలో ఆపేసిన పిల్లల్లో మరీనూ. మూడు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే అది కెన్నెల్ కాఫ్ కాకపోవచ్చు. పామరేనియన్లలో శ్వాసనాళం కుంగడం, ముసలి డాష్‌హండ్లలో గుండె కవాటం బలహీనపడటం ఇలాగే దగ్గిస్తాయి.

ఆసుపత్రికి తెచ్చేటప్పుడు ముందు ఫోన్ చేసి, పిలిచేదాకా కారులోనో ఆటోలోనో ఉండండి. దగ్గే కుక్క వరండాలో అరగంట కూర్చుంటే, పార్వో టీకాకు వచ్చిన పిల్లలన్నీ ఆ దగ్గు ఇంటికి పట్టుకుపోతాయి. దగ్గు పూర్తిగా తగ్గాక కూడా ఇంకో వారం రెండు వారాలు పార్కుకు తీసుకెళ్లవద్దు, బోర్డెటెల్లా కొన్ని కుక్కల నుంచి నెలలపాటు వెలువడుతూనే ఉంటుంది. ఇంట్లో కీమోథెరపీ మీద ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు ఉంటే దగ్గే కుక్కను వారి గదిలోకి రానివ్వకండి. ఈ క్రిమి మనుషులకు సోకడం అరుదే, సోకేది మాత్రం ఎక్కువగా అలాంటివారికే. పిల్లికి కూడా సోకుతుంది.

బోర్డింగ్ నడిపేవారికీ ఒక మాట. గదులకు అటూ ఇటూ కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. మూసేసిన ఏసీ గదిలో ఇరవై కుక్కలుంటే ఒక్క దగ్గు చాలు, పండగ అయ్యేసరికి అన్నిటికీ పాకుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాటికి ముందు తిండి పెట్టి, శుభ్రం చేసి, దగ్గేవాటి దగ్గరికి చివర్లో వెళ్లాలి, వాటికి గిన్నెలు, చీపురు, చెప్పులు వేరే ఉండాలి. మలం, చొంగ సబ్బునీళ్లతో కడిగేశాకే బ్లీచ్ వాడాలి, మురికి మీద పోస్తే బ్లీచ్ పనిచేయదు. ఐదు శాతం బ్లీచ్ ద్రావణం లీటరు నీళ్లకు 30 మి.లీ. కలిపి పది నిమిషాలు ఉంచి కడగాలి. టాయిలెట్ కడిగే ఆమ్లంతో కలిపితే విషవాయువు వస్తుంది, రెండూ ఒకేచోట వాడొద్దు. కుక్కను చేర్చుకునేటప్పుడు "టీకాలు అయ్యాయా?" అనే ప్రశ్నతో సరిపెట్టకుండా కేసీ స్టిక్కర్, దాని మీద తేదీ చూడండి. వారంలోపు వేయించినదైతే ఆ కుక్క మొదటి కొద్ది రోజులు విడిగా ఉండాలి. యజమానులు కూడా చేర్చే ముందు దగ్గే కుక్కలను ఎక్కడ ఉంచుతారో చూపించమని అడగండి. చూపించడానికి వేరే గది లేకపోతే ఇంకో చోటు వెతుక్కోండి.

ఇట్లు,
ఒక పశువైద్యుడు,
విజయవాడ