నీకెందుకే అన్నావుగా

అమ్మా,

మొన్న ఫోన్‌లో "ఊళ్ళో పిల్లల గొడవలన్నీ నీకెందుకే, రేపేదైనా అయితే నీ మెడకే చుట్టుకుంటుంది" అన్నావు. బుడ్డోడు పక్కనే ఉన్నాడని సరిగ్గా చెప్పలేకపోయాను. ఆఫీసు మామూలే. ఆయన మోకాలు నొప్పి తగ్గింది.

నేను కోచ్‌ని కాదమ్మా. వాడి ఫుట్‌బాల్ క్లబ్బులో వెల్ఫేర్ ఆఫీసర్‌ని, అంటే పిల్లలకు ఎవరివల్లా హాని జరగకుండా చూసేదాన్ని. పేరుకే ఆఫీసర్, జీతం లేదు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ సంఘం కింద పిల్లల జట్లు నడిపే క్లబ్బుకు ఇలా ఒకరు ఉండి తీరాలి. నా మీద పాత కేసులేమైనా ఉన్నాయేమో చూసే డీబీఎస్ తనిఖీ చేశారు, శిక్షణా ఇచ్చారు. కోచ్‌లకు ఆ తనిఖీ అయిందో లేదో ఇప్పుడు నేను చూడాలి. కోచ్ ఏ పిల్లాడికీ విడిగా మెసేజ్ పెట్టకూడదు, అమ్మానాన్నలున్న గ్రూపులోనే పెట్టాలి. సగం రోజులు ఈ కాగితాలతోనూ, గ్రౌండు అంచున నిలబడి అరిచే నాన్నల్ని బతిమాలడంతోనూ సరిపోతుంది.

పోలీసు పని చేస్తున్నానని కదా నీ భయం? విచారణ నేను చేయను, చేయకూడదు కూడా. పిల్లలు చెప్పింది వాళ్ళ మాటల్లోనే తేదీ వేసి రాసుకుని, కౌంటీ (మన జిల్లా లాంటిది) ఫుట్‌బాల్ సంఘంలో ఆ బాధ్యత ఉన్నవాళ్ళకు పంపాలి. అప్పటికప్పుడు ప్రమాదం ఉందనిపిస్తే ఇక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయాలి.

బుడ్డోడికి ముందు పళ్ళు రెండూ ఊడాయి, ఫోటో పంపుతాను. జట్టు ఫోటో మాత్రం అడక్కు, మిగతా పిల్లల ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి.

పోయిన శనివారం తొమ్మిదేళ్ళ పిల్లాడొకడు నాతో బూటు లేసు కట్టించుకుంటూ "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తా" అన్నాడు. అలా మాట ఇవ్వకూడదు మేము. "చెప్పాల్సినవాళ్ళకు మాత్రం చెప్తాను నాన్నా" అన్నాను. లేసు వైపే చూస్తూ చాలాసేపు ఊరుకున్నాడు. ఇక చెప్పడేమో అనుకున్నా. చెప్పాడు. అదేమిటో నీకు కూడా రాయకూడదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2016లో ఆండీ వుడ్‌వర్డ్ అనే మాజీ ఆటగాడు, చిన్నప్పుడు కోచ్ తనను ఏం చేశాడో బయటపెట్టాడు. ఆ తర్వాత వందల మంది నోరు విప్పారు. అప్పటికే నడివయసు వచ్చేసినవాళ్ళు చాలామంది.

తమ్ముడు ఏడో క్లాసులో ఉన్నట్టుండి వాలీబాల్ మానేశాడు గుర్తుందా? బద్ధకమని నాన్న తిట్టారు. నేనూ నవ్వాను. ఏమీ అయ్యుండకపోవచ్చు. వాణ్ణి నువ్వేం అడక్కు, ఆదివారం నేనే ఫోన్ చేస్తాను.

నీ
పెద్దమ్మాయి