పన్ను పీకించుకున్న రాత్రి

బెంగళూరు, ఆదివారం

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. మొన్న మంగళవారం సాయంత్రం కింది జ్ఞానదంతం పీకించుకున్నాను, మారతహళ్లిలో మా పీజీ వెనక సందులోనే. పీకేటప్పుడు ఏమీ తెలియలేదురా. డాక్టరమ్మ పన్ను తీసి ట్రేలో టక్కుమని వేస్తే, ఇంతేనా అనుకున్నాను.

అసలు కథ రాత్రి పదకొండుకి మొదలైంది. మత్తు దిగిపోయింది. పక్క మీద వాలగానే దవడలో రోకలితో దంచుతున్నట్టు పోటు. లేచి కూర్చుంటే కాస్త నయం, పడుకుంటే మళ్ళీ మొదలు. రూమ్మేటు గురక వింటూ, ఫోన్లో ఏవేవో వెతుక్కుంటూ రెండున్నర దాకా కూర్చున్నాను. శివరాత్రికి కూడా ఇంత నిష్ఠగా జాగారం చెయ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మకి ఫోన్ చేసి గొడవ పెట్టుకోబోయాను. "ఇప్పుడెలా ఉంది?" అంది. నిజమే, పగలు చాలా తక్కువ! అప్పుడు విడమరిచి చెప్పింది. వాపుని అణిచిపెట్టే కార్టిసాల్ అనే హార్మోను తెల్లారి మనం లేచే వేళకి బాగా పెరిగి, అర్ధరాత్రికి అడుగంటుతుందట. అంటే నేను పక్క ఎక్కే టైముకే కాపలావాడు డ్యూటీ దిగిపోతున్నాడన్నమాట. పైగా పడుకుంటే తలకి రక్తం ఎక్కువ చేరి పోటు పెరుగుతుంది. ఇక చీకటి పడ్డాక పీనియల్ గ్రంథి వదిలే మెలటోనిన్, ఒంటికి "రాత్రయింది, పడుకో" అని చెప్పేది, ఫోన్ వెలుగుకి తగ్గిపోతుంది. నేనేమో దాన్ని మొహానికి ఆనించుకుని కూర్చున్నాను! సరిగ్గా నిద్ర పోకపోతే మర్నాడు అదే నొప్పి ఇంకాస్త గట్టిగా తెలుస్తుందట.

ఇలా ఏ హార్మోను ఏ వేళకి పెరగాలో, తగ్గాలో చూసుకునే ఒంటి గడియారాన్ని నడిపే జన్యువుల గుట్టు విప్పినందుకే హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ ఇచ్చారు. వాళ్ళు పనిచేసింది ఈగల మీద. పళ్ళు లేని జీవులు, అదృష్టవంతులు.

రెండో రాత్రి పెరుగన్నం తిని, డాక్టరమ్మ రాసిన మాత్ర పోటు మొదలవకముందే వేసుకుని, రెండు దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని, ఫోన్ రూమ్మేటు చేతికిచ్చేశాను. పాల ప్యాకెట్ల కుర్రాడు తలుపు కొట్టేదాకా మెలకువ రాలేదు.

నీది వచ్చే నెలన్నావుగా? నా మాట విని పొద్దున్నే అపాయింట్‌మెంట్ తీసుకో. మత్తు దిగేసరికి ఇంకా పగలే ఉంటుంది, ఏదైనా అయితే డాక్టరు ఫోన్ ఎత్తుతారు.

మీ అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా ఎదురుగానే ఉంది. వారం దాకా కారం ముట్టొద్దన్నారు. రోజూ మూత తీసి, వాసన చూసి, మళ్ళీ పెట్టేస్తున్నాను.

నీ
రాజు